మా వీధిలోకి తెరుచుకున్న షట్టరు

నా చిన్నప్పుడు, ఒక ఆషాఢానికి ముందు రోజుల్లో, మా అరుగు మీద ఎవరెవరు కూర్చున్నారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. మడత కుర్చీలో మా తాతయ్య. పేము కుర్చీలో, చేతిలో అర్జీ కాగితంతో ఎదురు వరస టీచరుగారు. మెట్టు మీద, మెడలో కొలతల టేపుతో పక్కింటి అక్క. గుమ్మంలో చేట పట్టుకుని మా అమ్మ. స్తంభాన్ని ఆనుకుని నేను. వీధికి అవతల, మా అరుగుకు సరిగ్గా ఎదురుగా, ఇంకా ప్లాస్టిక్ కవరైనా విప్పని కొత్త ఇనుప షట్టరు. ఆ రోజు మాటలన్నీ దాని గురించే.

మాది రాజమండ్రిలో మెయిన్ రోడ్డును ఆనుకుని వెనకగా ఉన్న వీధి. అంతవరకు బజారు మా వైపు వీపు పెట్టుకుని ఉండేది. షాపుల వెనక గోడలు, ఏసీల నుంచి కారే నీళ్లు, అంతకు మించి మాకు బజారుతో పని లేదు. ఆ ఏడు ఒక బట్టల షోరూం యజమాని మా వీధిలోని ఒక పాత ఇల్లు కొని పడగొట్టి, మెయిన్ రోడ్డు నుంచి మా వీధి దాకా ఒకటే భవనం లేపాడు. ముందు ద్వారం రోడ్డు మీదకు, వెనక షట్టరు మా మీదకు. బళ్లు పెట్టుకోవడానికి, సరుకు దించుకోవడానికి అదే దారి అన్నాడు.

షట్టరు పక్క ఇల్లే టీచరుగారిది. వాళ్లాయనకు పక్షవాతం. వీధి గదిలో మంచం మీద ఉండేవారు. రాత్రంతా నిద్ర పట్టేది కాదు. మధ్యాహ్నం వీధి సద్దుమణిగితే ఆయనకు కాస్త కునుకు పట్టేది. అందుకే షట్టరు వద్దని మునిసిపాలిటీకి అర్జీ రాసి తెచ్చారావిడ. అక్క సంగతి దానికి పూర్తిగా తలకిందులు. ఆమె జాకెట్లు కుట్టేది. ఇద్దరు పిల్లల చదువు ఆ మిషను మీదే నడిచేది. మెయిన్ రోడ్డులో చీర కొన్నవాళ్లు మెయిన్ రోడ్డులోనే కుట్టడానికి ఇచ్చేసేవారు గనుక, వెనక వీధిలో ఒక మంచి చెయ్యి ఉందని ఎవరికీ తెలిసేది కాదు. షట్టరు తెరుచుకుంటే చీరలు ఆమె గుమ్మం ముందు నుంచే వెళ్తాయి.

"మీరు సంతకం పెడితే మిగతావాళ్లూ పెడతారండి," అన్నారు టీచరుగారు తాతయ్యతో.

"అది నా పొట్ట మీద పెట్టే సంతకమండి," అంది అక్క.

"నీ పొట్ట మీద నాకేం కోపమే? నా జాకెట్లు నువ్వు కుట్టట్లేదా?"

"కుడుతున్నానండి. క్రిస్మస్‌కొకటి, ఈస్టర్‌కొకటి. మీ ఒక్కరితోనే బతికేస్తున్నాను."

అమ్మ చేట అడ్డం పెట్టుకుని నవ్వింది. టీచరుగారికీ నవ్వొచ్చింది గానీ కాగితం మాత్రం కింద పెట్టలేదు. నాకేమో తల తిరిగింది. టీచరుగారు మాట్లాడినంతసేపూ న్యాయం ఆవిడదే అనిపించేది. అక్క నోరు విప్పగానే అటు మళ్లిపోయేది. లెక్కకు ఒకటే జవాబు ఉంటుందని బళ్లో నేర్చుకున్న వయసు. ఇక్కడ రెండు జవాబులూ సరిగానే ఉన్నాయి, రెండూ కలవట్లేదు. తాతయ్య రెండు రోజులు గడువు అడిగాడు.

ఆ రెండు రోజుల్లోపే తణుకు నుంచి కొత్తగా పెళ్లయిన మా బాబాయి అత్తవారు ఆషాఢం సారె తెచ్చారు. సారె అంటే మావైపు ఇంట్లో దాచుకుని తినేది కాదు. వీధిలో గడపగడపకూ పంచాలి. ఒక్క గడప మరిచిపోయినా ఆ ఇంటివాళ్లు ఏళ్ల తరబడి గుర్తు పెట్టుకుంటారు. అమ్మ పళ్లేల్లో కాజాలు, లడ్లు, అరటిపళ్లు సర్దుతుంటే తాతయ్య వచ్చి ఇంకొకటి సర్దమన్నాడు. ఎవరికని అడిగితే షట్టరు వైపు చూపించాడు. షట్టరుకు గడపెక్కడుందని అమ్మ విసుక్కుంది. అయినా సర్దింది.

పళ్లెం నా చేతికిచ్చి తాతయ్య నన్ను వెంటబెట్టుకెళ్లాడు. షోరూం యజమాని మమ్మల్ని చూడగానే జేబులో చెయ్యి పెట్టాడు.

"చందా ఎంత రాయమంటారండి?"

"చందా కాదండి. మా కోడలి సారె. వీధిలో అందరికీ ఇస్తాం."

"మాది ఇల్లు కాదు కదండి, షాపు."

"తలుపు మా వీధిలోకి పెట్టారుగా," అన్నాడు తాతయ్య. "ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా మా వీధి పడుకుంటుందండి. ఆ కాసేపు మీ షట్టరునీ పడుకోబెట్టండి."

ఆయన నవ్వి, నిలబడే ఒక కాజా తిని, అలాగేనండి అన్నాడు. తాతయ్య తిరిగి వస్తూ టీచరుగారి గుమ్మంలో ఆగి జరిగింది చెప్పాడు. ఆవిడ అర్జీని నాలుగు మడతలు పెట్టారు. చింపలేదు.

మొదట్లో అంతా తాతయ్య అనుకున్నట్టే సాగింది. ఒంటిగంటకు షట్టరు దిగేది. అక్క గుమ్మంలో కొత్త చెప్పులు కనపడసాగాయి. తర్వాత ఆషాఢం సేల్ మొదలైంది. షట్టరు దిగడం మానేసింది. బళ్లు మా అరుగు దాకా, టీచరుగారి కిటికీ దాకా వచ్చాయి. భవనం ముందు మైకు కట్టారు. అది అరిచేది మెయిన్ రోడ్డు కోసమే అయినా మాకూ వినపడేది. తాతయ్య వెళ్లి గుర్తు చేస్తే, "ఈ నెల ఒక్కటీ సర్దుకోండి బాబాయిగారూ," అన్నాడాయన. సారె తిన్నందుకు వరస కలిపాడు గానీ షట్టరు దించలేదు. అక్క మిషను పగలంతా ఆగకుండా నడిచేది. ఆ రోజుల్లో ఆమె టీచరుగారి ఇంటివైపు చూసేది కాదు.

అలాంటి ఒక ఆదివారం పొద్దున టీచరుగారి భర్త పోయారు.

మా వీధిలో ఎవరింట మనిషి పోయినా, శవం లేచేదాకా ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగదు. చర్చికెళ్లే ఇల్లా, గుడికెళ్లే ఇల్లా అని చూడరు. అమ్మ ఎసరు దించేసింది. చర్చివాళ్లు వచ్చి కుర్చీలు వేశారు. ఆ కుర్చీలకు పది గజాల దూరంలో షట్టరు బార్లా తెరిచి ఉంది. సంచులు పట్టుకుని ఆడవాళ్లు నవ్వుకుంటూ వస్తున్నారు. మా వీధివాళ్లంతా తాతయ్య వైపు చూశారు. సారె ఇచ్చింది ఆయనే కదా. తాతయ్య కర్ర అందుకుని లేచేలోపే పక్కింటి అక్క మిషను మీద గుడ్డ కప్పి వీధి దాటింది.

"అన్నయ్యగారూ, షట్టరు దించండి," అంది.

"ఆషాఢం ఆదివారం తల్లీ ఇది. నీకు మాత్రం తెలీదా?"

"నాకూ ఆదివారమేనండి. మా వీధి సారె తిన్నారుగా. దించండి."

"ఎంతసేపు?"

"నాలుగింటికి సమాధుల తోటకి తీసుకెళ్తారంట. అందాకా."

ఆయన లోపలున్న జనాన్ని చూశాడు, అక్కను చూశాడు. పనివాణ్ని పిలవకుండా తనే కొక్కెం కర్రతో షట్టరు కిందికి లాగాడు. ఆ చప్పుడుకు కుర్చీల్లో కూర్చున్నవాళ్లంతా తలెత్తారు. కానీ ముందు వైపు షాపు తెరిచే ఉంది. లోపల పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే, మేడ మీదుగా మైకు రెండు చీరలు కొంటే ఒకటి ఉచితమంటూనే ఉంది. దాన్ని కూడా ఆపించమని ఎవరో తాతయ్యతో అన్నారు. "మెయిన్ రోడ్డుకి మన సారె అందలేదురా," అన్నాడు తాతయ్య. అది జవాబో, నిట్టూర్పో నాకు అర్థం కాలేదు. మెయిన్ రోడ్డు ఎక్కడ అయిపోయి మా వీధి ఎక్కడ మొదలవుతుందో ఆ రోజు నేను ఎంత ఆలోచించినా తేలలేదు. షట్టరు దగ్గరా, మైకు వినపడడం ఆగిన చోటా?

తర్వాత తాతయ్యా నేనూ పలకరించడానికి వెళ్తే టీచరుగారు మా ఇద్దరికీ మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టారు. అక్క చేసింది మెచ్చుకున్నారు. "ఆయన పోయాక దించారండి. ఉన్నప్పుడు దించాల్సింది," అన్నారు. గొంతులో కోపం లేదు. తాతయ్య గ్లాసులో నీళ్లు తాగకుండానే లేచాడు. ఇంటికొస్తూ మనం చేసింది తప్పా అని అడిగాను. "తెలీదురా. అక్క మిషను చప్పుడు వింటే తప్పనిపించదు. ఆవిడ మొహం చూస్తే ఒప్పనిపించదు," అన్నాడు. పెద్దవాళ్లకు తెలియనివి ఉంటాయని నాకు తెలిసింది అప్పుడే.

ఆ వారం నుంచి, ఎవరూ అడగకుండానే, ఒంటిగంటకు షట్టరు దిగడం మళ్లీ మొదలైంది. ఆ నిద్ర ఎవరికి కావాలో ఆ మనిషి అప్పటికి లేరు.

ఇప్పుడు నేను పట్టణాల ప్లాన్లు గీసే ఆఫీసులో పని చేస్తున్నాను. ఇళ్లున్న చోటుకు పసుపు రంగు, వ్యాపారానికి నీలం. రెండింటి మధ్య గీత వేసే ముందు ఆ వీధికి ఒక మధ్యాహ్నం పూట వెళ్లి, ఎవరు కునుకు తీస్తున్నారో, ఎవరు ఆ వేళ కూడా పని చేసుకుంటున్నారో చూసి రావడం నాకు అలవాటు. ఆ రోజుల నుంచి నాతో వచ్చింది ఇదొక్కటే. దీనివల్ల పని తేలికవుతుందని చెప్పలేను. వెళ్లేటప్పుడు ఉన్న స్పష్టత వచ్చేటప్పుడు ఉండదు. చాలాసార్లు గీతను కాస్త అటు జరిపి, మళ్లీ ఇటు జరిపి, చివరికి ఎక్కడో ఒకచోట వేసేస్తాను. వెయ్యక తప్పదు. మా పటాల్లో ఆ గీత మందం అర మిల్లీమీటరు. నేల మీదకొస్తే అది రెండు మీటర్లు, దాదాపు మా అరుగు వెడల్పు.