ఫోటో అంచున లారీ అద్దం

మా ఎదురింటి డ్రైవరు గారు మొన్న బుధవారం పోయారు. పొద్దున్నే వాళ్ల అమ్మాయి గుమ్మంలో నిలబడి, "నాన్న లెగలేదు టీసరమ్మా" అంది. రిటైరయ్యాక కూడా తెల్లవారకముందే లేచి, లేని లారీకి టైర్లు చూసుకుంటున్నట్టు వీధంతా తిరిగే మనిషి. ఆ ఒక్క మాటతో నాకు అర్థమైపోయింది.

నలభై ఏళ్లు సాలూరు లారీలు తోలారు. ఘాటు రోడ్డు మీద నచ్చిన రాతికొండో కూలిన కోటో కనబడితే చాలు, బండి పక్కకు తీసి, దిగి, ఎడమ తలుపు పక్కన నిలబడి ఒక్క ఫోటో తీసేవారు. రెండోది తీయరు. "కొండ కదల్దు కదండీ!" అనేవారు.

రాత మాత్రం ఆయనకు గిట్టదు. ట్రిప్పు షీటు మీద సంతకమే ఆయన సాహిత్యం. అందుకని ఆదివారం చర్చి నుంచి వస్తూ ఫోటోలు పట్టుకొచ్చేవారు. వెనక ఊరూ పేరూ రాయడం చరిత్ర టీచరుగా రిటైరైన నా పని.

"ఇదెక్కడ?"

"రెండో గేరెయ్యాల్సిన మలుపండి."

"గేర్లు కాదు డ్రైవరు గారూ, ఊరు చెప్పండి."

"ఊరు పేరు బోర్డు మీదుంటాదండి. గేరు నా సేతిలో ఉన్నాది."

ప్రతి ఫోటోలోనూ కుడి అంచున లారీ అద్దం పడేది. "కొండను తీశారా, అద్దాన్ని తీశారా?" అని దెప్పేదాన్ని. "ఎనకాల ఏటున్నాదో సూసుకోవాలి కదండీ" అని నవ్వేసేవారు.

ఒకసారి నేను పనిచేసిన బడి పిల్లల కోసం కోటల చార్టు తయారుచేస్తూ, ఆయన ఫోటో ఒకటి తీసుకుని అద్దాన్ని శుభ్రంగా కత్తిరించేశాను. ఆ సాయంత్రం వచ్చి, ఫోటోను వెలుతురులో పెట్టి చాలాసేపు చూశారు.

"అద్దం ముక్కేదండీ?"

"చెత్తలో వేశాను. ఏముంది దాంట్లో, గోరంత పచ్చ టార్పాలిను."

"టార్పాలిను కాదండి. మా ఆవిడ. ఒక్కపాలే నాతో బండెక్కినాది. ఫోటో అంటే సిగ్గు. కిటికీలోంచి కొండని సూస్తంటే, తనకి తెలీకుండా అద్దంలో పట్టినాను."

ఆయన మా వీధికి వచ్చేసరికే ఆవిడ లేదు. నేను చూడలేదు. ఆవిడది వేరే ఫోటో లేదట. నెగెటివు ఏనాడో వానకు తడిసి పాడైపోయిందట. ఆ తర్వాత తీసిన ప్రతి కొండకూ అద్దం ఎందుకు అంటుకునుందో అప్పటికి గాని తెలియలేదు నాకు.

వీధి చివర చెత్తకుండీ దగ్గరికి వెళ్లి, ఈ వయసులో, మోకాళ్ల మీద కూర్చుని వెతికాను. అప్పటికే చెత్తబండి వచ్చి అంతా ఎత్తుకుపోయింది. ఆయన వెనకే వచ్చి, "లెగండి టీసరమ్మా, మోకాళ్లు నొప్పెడతాయి. కోటైనా మిగిల్నాది కదా" అన్నారు.

ఎవరినైనా ఎంత మాటైనా అనగల నోరు నాది. తప్పయిపోయిందన్న ఒక్క మాట మాత్రం రాలేదు. ఇంటికి తీసుకొచ్చి, చార్టుకు ఇంకా అంటించని ఆ ఫోటో తిరిగిచ్చేసి, టీ ఇచ్చాను. పంచదార రెట్టింపు పడింది. అలాగే తాగేశారు. మరుసటి ఆదివారం మళ్లీ ఫోటోలతో వచ్చారు. ఇవాళ కాకపోతే వచ్చే ఆదివారం చెబుదాంలే అనుకుంటూ ఆరేళ్లు టీలు పోశాను.

సమాధుల తోట నుంచి వచ్చాక అమ్మాయి ఫోటోల రేకుపెట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది. "రాసింది మీరే కదా, మీకాడే ఉండనీండి" అంది. అన్నిటికన్నా పైన ఆ కోట ఉంది. వెనక గుండ్రటి నా అక్షరాలు: 'కోట, పడమటి గోడ.' దాని కింద పెన్సిలుతో, ఒకదాని మీద ఒకటి ఒరిగిన అక్షరాలు. ఆయన సంతకం తప్ప మరో రాత నేను చూడటం అదే మొదలు.

'కుడి పక్కన మా ఆవిడ.'

ఫోటో తిప్పాను. కుడి పక్కన నా కత్తెర కోసిన అంచు, ఎక్కడా ఒక్క వంకరైనా లేకుండా, తిన్నగా ఉంది.