సంపు గోడ మీది తెల్ల నురగ

2017 జులై. తాగునీటి పరీక్షల లాబ్‌లో కెమిస్ట్‌గా అప్పటికి నాకు ఆరేళ్ల సర్వీసు. ఎమ్మెస్సీ జువాలజీ చదివి నీళ్ల సీసాల మధ్య పడ్డానని లోపల కొంచెం గుర్రుగానే ఉండేది. కప్పల మీద ప్రాజెక్టు చేశాను గానీ, ఆ సంగతి అడిగే నాథుడు లేడు. చదివింది ఎక్కడైనా చూపించుకోవాలనే ఆ యావే నన్ను ముంచింది.

అమ్రాబాద్ అడవి అంచున ఉన్న ఒక ఆడపిల్లల హాస్టల్ నుంచి పొద్దున్నే ఫోన్ వచ్చింది. ఇద్దరు పిల్లలకు వాంతులు. సంపు లోపలి గోడకు తెల్లటి నురగ. నీళ్లు వదిలే మల్లయ్య పురుగుల మందు కలిపాడని అనుమానం. వారం కిందే అతను వార్డెన్‌తో గొడవపడ్డాడట.

నేను వెళ్లేసరికి గేటు దగ్గర తల్లిదండ్రులు నిండిపోయారు. మల్లయ్యను సైకిళ్ల షెడ్డులో కూర్చోబెట్టి ఇద్దరు కాపలా ఉన్నారు. అతని చొక్కా భుజం దగ్గర చిరిగి ఉంది. ఒక పెద్దమనిషి నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు.

"గుళికల మందు కలిపిండు మేడం. మీరు గా ముక్క కాయిదం మీద రాసియ్యుండ్రి. మిగిలింది మేం చూసుకుంటం."

ఆ మిగిలింది ఏమిటో అతను చెప్పలేదు, నేను అడగలేదు. నేను రాసే రెండు ముక్కల మీద ఒక మనిషి ప్రాణం ఉందని ఆ ఉద్యోగంలో మొదటిసారి తెలిసింది.

సంపు అంటే నేలలో కట్టిన నీళ్ల తొట్టి. పైన సిమెంటు మూత. దాని ఒక మూల పగిలి బెత్తెడు సందు ఉంది. మూత జరిపించి టార్చి వేశాను. నీళ్లకు జానెడు పైన, గోడకు అతుక్కుని నాలుగు తెల్లటి నురగ ముద్దలు. కొన్ని మందులు నీళ్లలో పడితే పాలలా తెల్లబడి నురగ కడతాయి.

అప్పుడే మూత కింది చీకట్లో రెండు కళ్లు మెరిశాయి. మట్టిరంగు కప్ప. పొడుగు కాళ్లు, వేళ్ల చివర గుండ్రటి బిళ్లలు, తొడల వెనక పసుపు చుక్కలు. దాన్ని చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఇది మందు కాదు. చెట్టుకప్ప గూడు" అన్నాను లేచి.

"కప్ప నురగ పెడ్తదా? మమ్ముల పిచ్చోళ్లను జేస్తున్నవా?" అని ఒకాయన మీదికొచ్చాడు.

భయంలో కూడా నాకు పాఠమే గుర్తొచ్చింది. చెట్లెక్కే కప్పలన్నీ ఒక్క కుటుంబం కాదని చెప్పాను. హైలిడే అనే కుటుంబం కప్పలు మామూలుగా నీళ్లలోనే గుడ్లు పెడతాయి. మన వైపు దొరికేది రాకోఫోరిడే కుటుంబంలోని పాలీపెడేట్స్. ఇది వానాకాలం నీళ్లకు పైన, గోడకో కొమ్మకో గుడ్లు పెడుతుంది. ఆడకప్ప జిగురు లాంటి ద్రవం వదిలి, వెనక కాళ్లతో గిలక్కొట్టి నురగ చేస్తుంది. పైపొర ఎండి గట్టిపడుతుంది, లోపల తడి ఉంటుంది. కొద్దిరోజులకు తోకపిల్లలు నురగలోంచి జారి కింది నీళ్లలో పడతాయి. నమ్మకపోతే చూడండని పుల్లతో ఒక ముద్ద తీసి పళ్లెంలో విప్పాను. సగ్గుబియ్యంలా గుడ్లు.

ఒక ముసలావిడ వంగి చూసింది. "అవు, గుడ్లే. పాపం గా పోరన్ని ఇడిసిపెట్టుండ్రి."

మల్లయ్యను వదిలేశారు. అక్కడ నేను ఆగి ఉండాల్సింది, ఆగలేదు. టీచర్లు చుట్టూ చేరి ఇంకా చెప్పమన్నారు. నాకు హుషారొచ్చింది. వంటావిడ మోటారు వేసింది. పొద్దున్నుంచి గుక్క నీళ్లు తాగని పిల్లలు నల్లాల దగ్గర వరస కట్టారు. మేరీ అనే ఆరో తరగతి పిల్ల గ్లాసు పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"మేడం, తాగొచ్చునా?"

"తాగమ్మా, ఏం కాదు. అది కప్పదే" అన్నాను. నా ముందే రెండు గ్లాసులు తాగింది.

అరగంట తర్వాత ఫారం నింపడానికి కూర్చుని క్లోరోస్కోప్ తీశాను. నీళ్లలో బ్లీచింగ్ మిగిలి ఉందా లేదా చూపే చిన్న డబ్బా అది. మందు చుక్కలు వేస్తే నీళ్లు పసుపురంగు తిరగాలి. తిరగలేదు. సీసా కడిగి మళ్లీ వేశాను. తిరగలేదు. "నల్లాలు బంద్ చెయ్యండి" అని అరుస్తూ పరుగెత్తాను.

మల్లయ్య షెడ్డు దగ్గరే ఉన్నాడు. బ్లీచింగ్ ఎప్పుడు వేశావని అడిగితే తలెత్తలేదు.

"పదిరోజులాయె మేడం. వానలు పడ్తలెవ్వని గంతకు ముందే మా వాడల కప్పతల్లి ఆడినం. రోకలికి కప్పను గట్టి ఇల్లిల్లు తిరిగినం. నేనే రోకలి పట్టుకున్న. మూడోనాడు వాన గొట్టింది. గా కప్పలే సంపులకొచ్చి గుడ్లు పెడ్తే, వాటి మీద బ్లీచింగ్ ఎట్ల పోద్దును? చెయ్యి రాలే. కప్ప గుడ్లని పొద్దున మొత్తుకున్నా ఎవ్వలు ఇనలే."

"మూత పగిలిందని చెప్పలేదా?"

"రెండుమార్లు చెప్పిన. గందుకే గదా వార్డెన్ మేడంతోని లొల్లయింది."

కప్ప దూరిన సందులోంచే పెరట్లోని వరద నీళ్లూ లోపలికి దూరాయి, ఆ ఇద్దరు పిల్లల వాంతులూ అందుకే. గూడు కనిపించగానే నాకు రావాల్సిన మొదటి ఆలోచన అది. రాలేదు. అతను భక్తితో చూశాడు, నేను చదువుతో చూశాను. ఇద్దరం కప్పనే చూశాం. పైగా గేటు దగ్గర జనం ఇంకా ఉన్నారు. ఈ మాట పైకి వస్తే అతన్ని మళ్లీ పట్టుకుంటారు, రాకపోతే పిల్లలు అవే నీళ్లు తాగుతారు. బ్లీచింగ్ లేదని, మూత పగిలిందని, ఆ సంగతి అతను రెండుసార్లు చెప్పాడని మూడూ కలిపి రాసి వార్డెన్ చేతికిచ్చాను. చదివి ఆమె సంపు ఖాళీ చేయించడానికి మనిషిని పంపింది.

మర్నాడు పొద్దున మేరీకి విరేచనాలు పట్టుకున్నాయి. అచ్చంపేట దవాఖానకు తీసుకెళ్లారని తెలిసి పరుగున వెళ్లాను. సెలైన్ ఎక్కుతోంది. కళ్లు లోతుకు పోయి, పెదవులు పగిలి ఉన్నాయి. పక్కన ఆమె తల్లి సుజాత. కూలిపని నుంచి నేరుగా వచ్చినట్టుంది, కాళ్లకు బురద ఆరలేదు.

"తాగుమని నువ్వే చెప్పినవంట గదా మేడం?"

"నేనే చెప్పానమ్మా."

ఆమె తిట్టకుండా తడి కొంగుతో పిల్ల పెదవులు తుడిచింది. తిడితే బాగుండుననిపించింది. నర్సు వచ్చి నాడి చూసిన ప్రతిసారీ నేను ఆ నర్సు ముఖం చూశాను. ఆ రోజు పడ్డ భయం నా జీవితంలో మరెప్పుడూ పడలేదు.

మూడో రోజుకు పిల్ల లేచి కూర్చుంది. దాహమంది. వరండాలోని నల్లా దగ్గర గ్లాసు నింపుకొచ్చి ఇచ్చాను. తీసుకుంది గానీ తాగలేదు. గ్లాసు చేతుల్లో పట్టుకుని నా ముఖంలోకి చూసింది.

"పరీక్ష చేసినవా మేడం?"

చదువు, పేర్లు, కుటుంబాలు ఏవీ నాకు అక్కరకు రాలేదు. "లేదమ్మా, చేయలేదు" అన్నాను. గ్లాసు వెనక్కి తీసుకుని, సంచిలోంచి డబ్బా తీసి, ఆమె మంచం మీదే చుక్కలు వేశాను. నీళ్లు పసుపు తిరిగేదాకా ఆ పిల్లా, తల్లీ, నేనూ సీసాకేసి చూస్తూ కూర్చున్నాం.