బావ లేని సంఘం

పోర్టులో రిటైరైన రెండో ఏడు నా భార్య పోయింది. అప్పటికి రెండువేల సంవత్సరం దాటింది. మాకు పిల్లల్లేరు. సీతమ్మధారలో మేడమీద వాటాలో పొద్దస్తమానం ఒక్కణ్ణే కూర్చునేవాణ్ణి. నాకున్న ఒకే స్నేహితుడు పోర్టులో ఓడల్లోంచి సరుకు దించే వించ్ నడిపినవాడు. వాళ్లది ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. నేను గోదావరి నుంచి వచ్చి ఆఫీసరుగా దిగినవాణ్ణి. అయినా ముప్పయ్యేళ్లూ బావా అంటే బావా అనుకున్నాం.

"ఇలా కూకుంటే పిచ్చెక్కిపోద్ది బావా. మీ పేటలో పెద్దోళ్ల సంగం ఉందంట కదా, ఇద్దరం సేరిపోదాం" అని తనే నన్ను లాక్కెళ్లాడు.

పేపర్లు, క్యారమ్స్, నెలకోసారి బీపీ చూసే డాక్టరు. బాగానే ఉంది. కార్యదర్శి మర్యాదగా ఫారాలిచ్చాడు. అందులో 'చివరగా చేసిన ఉద్యోగం' అని ఒక గడి. బావ ఫారం కూడా నేనే నింపాను. వారంలో నా కార్డు వచ్చింది, అతనిది రాలేదు. రెండుసార్లు అడిగాను. మూడోసారి కార్యదర్శి పక్కకి పిలిచి, "ఇక్కడంతా ఆఫీసర్లు, లెక్చరర్లు కదండీ. ఆయనకే ఇబ్బందిగా ఉంటుంది" అన్నాడు.

నేను వెళ్లి క్యారమ్స్ బల్ల దగ్గర కూర్చున్నాను. ఆ గది, ఆ పలకరింపులు నాకప్పటికే అలవాటైపోయాయి.

చెబితే బావ నవ్వేశాడు. "నువ్వెల్లు బావా. నానేటి, ఆల్లతో ఇంగిలీసు మాట్లాడతానా?"

ఆ నవ్వుని నమ్మడం నాకు సులువైంది. మొదట్లో వారానికోసారి కలిసేవాళ్లం, తర్వాత నెలకోసారి. ఆ తర్వాత నేనే వెళ్లడం మానేశాను. ఒక సాయంత్రం క్యారమ్స్ ఆడుతుంటే పోర్టులో చేసిన ఒకాయన, "మీ వించ్ డ్రైవరు పోయాడటగా, పది రోజులైంది" అన్నాడు.

పరిగెత్తినట్టే వెళ్లాను. బావ భార్య గుమ్మంలో కూర్చుని ఉంది.

"పచ్చవాతం వొచ్చి మూడు నెల్లు మంచాన ఉన్నాడు బాబూ. మీకు కబురెడతానంటే వద్దనీవోడు. బావే వొత్తాడని గుమ్మంకేసే సూసీవోడు."

అక్కడ నలుగురు ముసలివాళ్లున్నారు. ఒడ్డున రేకుల షెడ్డులో వాళ్లదీ ఒక సంఘమట. మూడు నెలలూ వాళ్లే వంతులవారీగా వచ్చి బావని పక్కకి తిప్పారు, గడ్డం గీశారు, అన్నం తినిపించారు.

మర్నాడు సంతాపసభ పెట్టమని మా కార్యదర్శిని అడిగాను. "ఆయన మన మెంబరు కాదు కదండీ" అన్నాడు. నిజమే. కాకుండా చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. కార్డు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

వారం తిరక్కుండా రేకుల షెడ్డుకి వెళ్లాను. నన్ను చేర్చుకుంటారా అని అడిగాను. అందరిలోకీ పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"మంచమెక్కినోళ్లని సూడ్డానికెల్లాల. ఎల్తావా?"

"వెళ్తాను."

గురువారాలు నా వంతు. మొదటి గురువారం కళ్లు పోయిన ఒక ముసలాయన దగ్గరికి పంపారు.

"ఎవులు బాబూ?" అన్నాడు.

వించ్ నడిపినాయన స్నేహితుణ్ణని చెప్పాను.

"గోదారి బావవా? నీ గురించి ఎప్పుడూ సెప్పీవోడు" అని నా చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. ఆ రోజు ఆయనకి గడ్డం గీస్తుంటే రెండు చోట్ల తెగింది.