రెండో సగం

సగం ముఖం చేస్తే చాలు, రెండో సగం కంప్యూటరే ఇస్తుంది. త్రీడీ మోడలింగ్ క్లాసులో మాకు మొదట నేర్పిన కిటుకు ఇదే. ఒక కన్ను, ఒక చెంప, సగం పెదవి, ఒక్కో చుక్కా లాగుతూ కట్టుకోవాలి. తరవాత మిర్రర్ అన్న మీట నొక్కితే, అద్దంలో నీడలాగా అవతలి పక్క వచ్చి అతుక్కుంటుంది. అందరూ అలాగే చేసేవాళ్ళు. నేను మాత్రం రెండు పక్కలూ చేత్తోనే కట్టాను. నేను చేస్తున్నది మా పిన్ని ముఖం.

తొంభైల చివర్లో సరోజినీ నగర్‌లో పిన్ని వాళ్ళ క్వార్టర్లో ఉండి చదువుకునేదాన్ని. నేను వెళ్ళడానికి ముందు ఏడాది, ఒక చలికాలం పొద్దున పిన్ని నిద్ర లేచేసరికి ముఖంలో కుడిపక్క పడిపోయిందట. చాలావరకు బాగుపడింది గానీ మూతి కొస కాస్త జారే ఉండిపోయింది. ఆ పక్క కనురెప్ప ఆలస్యంగా వాలేది. నవ్వితే నవ్వంతా ఎడమ చెంపకే పోయేది. కెమెరా కనిపిస్తే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయే మనిషి, నా కోసం మూడు ఆదివారాలు వెనక వరండాలో కూర్చుంది. టేపు పెట్టి కొలుస్తుంటే, "ఏంటే, నా మొహానికి రవిక కుడతావా?" అంది.

ఇన్‌స్టిట్యూట్ ఒక బేస్‌మెంట్‌లో ఉండేది. ఇద్దరికి ఒక మెషీన్, ప్రాక్టీసుకి చెరో పూట. నా జోడీ ఫరీదాబాద్ నుంచి బస్సులో వచ్చే అమ్మాయి. నాకు సందేహం వస్తే డైరీలో రాసుకునేదాన్ని, లేచి అడగడం తన పని. "తేరీ జుబాన్ మై హూఁ," నీ నోరు నేనే అనేది. అది నిజమే, నాకు హాయిగానూ ఉండేది.

కోర్సు చివర్లో నోయిడా నుంచి ఒక స్టూడియో వాళ్ళు వస్తున్నారని చెప్పారు. మా బ్యాచ్‌లో ఒక్కరిని ట్రైనీగా తీసుకుంటారట. ఏదీ దొరక్కపోతే వచ్చి బీ.ఎడ్.లో చేరమని అప్పటికే నాన్నగారు రాశారు. నాకు చూపించడానికి ఉన్నది ఆ ముఖం ఒక్కటే.

వాళ్ళు వచ్చే ముందురోజు సాయంత్రం, చీకటి పడకముందే ఇల్లు చేరాలన్న బాబాయ్ నియమం ప్రకారం నేను ఐదింటికే బయల్దేరాను. మోడల్‌ని పూర్తి బొమ్మగా మార్చడానికి మెషీన్‌కి రాత్రంతా పట్టేది; అలా రెండర్‌కి పెట్టి వెళ్ళే పని నా జోడీకి అప్పగించాను.

మర్నాడు తను గుమ్మం దగ్గరే ఎదురొచ్చింది. "అరే యార్, నిన్న నేను చూడకపోతే నీ ఇజ్జత్ పోయేది! నీ మోడల్ ఒక పక్క మొత్తం టేఢా, వంకర అయిపోయింది. ఆ సగం తీసేసి, బాగున్న సగాన్ని మిర్రర్ కొట్టి సేవ్ చేశాను. పార్టీ ఇవ్వాలి నాకు."

తెర మీద చూశాను. కళ్ళు రెండూ ఒకేలా ఉన్నాయి. మూతి తిన్నగా ఉంది. అదే ఫైలు మీద సేవ్ చేసింది, వేరే కాపీ లేదు. మా ఇద్దరికీ కలిపి ఇచ్చిన డిస్కు జాగాలో రెండో కాపీకి చోటెక్కడిది?

"అది మా పిన్ని. ఆవిడ అలాగే ఉంటుంది," అన్నాను.

తను నోటి మీద చెయ్యి వేసుకుంది.

స్టూడియో ఆయన మా మెషీన్ దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ముఖాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నీట్ హై. కానీ మిర్రర్ కదా ఇది? పొద్దుట్నుంచి ఇలాంటివే చూస్తున్నాను."

నా జోడీయే అందుకుంది. "సర్, తను రెండు పక్కలూ విడివిడిగా చేసింది. నేనే తప్పనుకుని మార్చేశాను. గల్తీ నాది."

"అచ్ఛా? అయితే ఇప్పుడు చేసి చూపించమను. అరగంట ఉంటాను." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వెనక బ్యాచ్ అంతా చేరింది.

మౌస్ పట్టుకున్నాను. మూడు వారాలు చేసిన పని కదా, ఏ చుక్క ఎటు లాగాలో వేళ్ళకి తెలుసు. ముందు కుడి రెప్ప మార్చాను. తరవాత పెదవి కొస. కానీ మూడు వారాలు మెల్లగా వచ్చింది అరగంటలో రాదు. కంటి కింది మడతలు ఇంకా కట్టలేదు, చెంప దించలేదు. ఒక్క మూతి మాత్రం వేలాడుతోంది.

వెనకనుంచి ఎవరో, "అరే, ఆంటీ కో పాన్ ఖిలా దియా క్యా?" అన్నారు. ఆంటీకి పాన్ తినిపించావా అని. అందరూ నవ్వారు. స్టూడియో ఆయన కూడా నవ్వాడు, చెడ్డగా కాదు, మామూలుగా.

ఇంకా ఇరవై నిమిషాలు ఉన్నాయి. మిగతా చెంప కూడా దించితే నవ్వు ఆగిపోయేదేమో. ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ ఆ నవ్వులో పిన్ని ముఖంలో ఇంకొక్క చుక్క కిందికి లాగడానికి నాకు చెయ్యి రాలేదు. చేసినదంతా ఒక్కొక్కటిగా వెనక్కి తీసేశాను. మూతి మళ్ళీ తిన్నగా అయ్యాక, "ఇంతే వచ్చు సర్ నాకు," అన్నాను.

ఆయన కాగితం మీద ఏదో రాసుకుని పక్క మెషీన్‌కి వెళ్ళిపోయాడు.

ఆ ఉద్యోగం రాలేదని ఇంట్లో చెప్పాను, ఎందుకు రాలేదో చెప్పలేదు. నాలుగు రోజుల తరవాత పిన్ని, "నా బొమ్మ కాగితం మీద తియ్యొచ్చా? మీ అమ్మకి పంపుదాం," అంది. ఫైల్లో మిగిలిన ఆ తిన్నని మూతి ముఖాన్నే ప్రింటు తీయించి తెచ్చి ఇచ్చాను.

వరండాలో వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూసింది. "బాగుందే," అంది. మళ్ళీ మెల్లిగా, "నువ్వు నన్ను ఇలా చూస్తున్నావా ఇన్నాళ్ళూ?" అని అడిగింది.

కాదు పిన్నీ అనాలి. అంటే మిగతాదంతా చెప్పాలి, క్లాసువాళ్ళ ఆ నవ్వుతో సహా. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. పిన్ని కాగితాన్ని మడతపడకుండా తీసుకెళ్ళి పరుపు కింద పెట్టింది. అమ్మకి పంపలేదు.