పాకెట్లు విప్పిన ఆదివారం

మా చుట్టుపక్కల ఊళ్ళలో మాంసాన్ని పాకెట్లో పెట్టి అమ్మిన మొదటి మనిషిని నేనే. గొప్పకు చెప్పడం లేదు. అప్పట్లో అది గొప్పేం కాదు, నవ్వులాట. పత్తీ మిరపా తప్ప ఎరగని ఇంటి కోడలు, పొలం పక్కన రేకుల షెడ్డు వేసి, స్టీలు బల్లలు, ఫ్రీజరు పెట్టి, పొదిలి వైపు నుంచి పొట్టేళ్ళు తెప్పిస్తుంటే నవ్వరా మరి? మా ఆయన నవ్వలేదు. అత్తగారూ నవ్వలేదు, కానీ ఆవిడది కోపం.

మాంసమంటే మావాళ్ళకు కళ్ళ ముందు కొట్టాలి. కొక్కేనికి వేలాడుతుంటే వేలు పెట్టి "ఇక్కడ కొట్టు" అని చూపించాలి. మూతి అంటించిన పాకెట్లో ఏ ముక్కలు పెట్టానో ఎవరు నమ్ముతారు? నెలల తరబడి ఫ్రీజరు నిండుగానే ఉండేది. చివరికి అత్తగారు తేల్చి చెప్పింది. "కోతలయ్యాక వీధిలో మాంసం పంచుకుంటారుగా. ఈసారి అది నీ షెడ్డు నుంచి ఇవ్వు. అదీ తిరగ్గొట్టారంటే ఇక మూసెయ్. నలుగురిలో మా పరువు తియ్యొద్దు." సరేనన్నాను. లోపల భయమే. ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ షెడ్డొక్కటే.

ఏటా మిరపకోతలు అయిపోయిన ఆదివారం వీధివాళ్ళంతా కలిసి ఒక పొట్టేలును కోయించి, చాప మీద ఇంటికో పోగు వేసుకుంటారు. ఇంటికొచ్చిన పోగును వండటమే గానీ, వేసేటప్పుడు నేనెప్పుడూ దగ్గరుండి చూడలేదు. అందుకే నా బుర్ర వాడాను. పళ్ళు లేని పెద్దాయన ఇంటికి మెత్తటి కండ. బాలింత ఉన్న ఇంటికి కార్జం. పిల్లలున్న ఇంటికి పులుసు బాగుంటుందని బొమికలు. అందరికీ ఒకటే తూకం. పొద్దున్నే కోయించి, పాకెట్లు కట్టి, ఎంత తెలివైనదాన్నో అనుకుంటూ ఇంటింటికీ పంపాను.

కాసేపటికి వీధంతా మా వాకిట్లో ఉంది.

"పిల్లలున్నారని బొమికలు పడేస్తావా? మేమేమన్నా కుక్కలమా?" అంది చివరింటావిడ. "కార్జమంతా వాళ్ళకేనా? మావి నోళ్ళు కావా?" అన్నాడు ఎదురింటాయన. మెత్తటి కండ అందిన పెద్దాయన కూడా "మూలుగ బొమిక లేనిది కూరెట్టా అవుద్ది అమ్మాయ్" అంటూ పాకెట్టు తెచ్చి అరుగు మీద పెట్టేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ మంచికోరి చేస్తే నా మీద పడతారేంటండీ!" అని అరిచాను. అయిపోయింది, ఇక మూసెయ్యడమే అనుకున్నాను.

అత్తగారు లోపల్నుంచి కత్తెర, చాప పట్టుకొచ్చింది. నా వైపు చూడనైనా చూడలేదు. పాకెట్లన్నీ కత్తిరించి ఒక్క చోట గుమ్మరించి, పోగులు వెయ్యడం మొదలుపెట్టింది. ప్రతి పోగులోనూ కాస్త కండ, కాస్త బొమిక, కాస్త కొవ్వు, ఓ కార్జం ముక్క. ఒక్క పోగుకు మాత్రం కార్జం చాలలేదు. అయ్యాక నాతో అంది.

"ఏమే, ఆ గోడ వైపు తిరుగు."

తిరిగాను. వెనకాల ఆవిడ ఒక పోగు మీద చెయ్యి పెట్టి "ఇదెవరికి?" అంటుంది. ఏ పోగో నాకు కనపడదు. నోటికొచ్చిన ఇల్లు చెప్పాలి. చూడని మనిషి చెప్పిన మాట మీద ఇక ఎవరూ నోరెత్తకూడదు. చివరింటికి అన్నాను. బాలింతింటికి అన్నాను. ఒక్కొక్కరే గిన్నెల్లోకి ఎత్తుకుని వెళ్ళారు. "ముక్క లేతగానే ఉందిలే" అని ఎవరో అనడం వినపడింది.

పోగులు వేసినవాళ్ళు ఆఖరున తీసుకోవాలట. మాకు మిగిలిన పోగులో కార్జం ముక్క ఒక్కటీ లేదు. ఆవిడ దాన్ని గిన్నెలోకి ఎత్తుకుంటూ, అప్పటికీ నా ముఖం చూడకుండానే అంది.

"వచ్చే ఆదివారం కార్జం ఇంకాస్త చిన్నగా కొట్టించు. అందరికీ రావాలి."

వచ్చే ఏడాది అనలేదు, వచ్చే ఆదివారం అంది. నేను మళ్ళీ గోడ వైపు తిరిగి, కొంగు నోట్లో కుక్కుకుని, సంతోషం పట్టలేక ఏడ్చాను.