వెనక్కి దాటిన అడుగు

పెళ్లయిన ఏడాదే నేను గని రక్షక దళంలో చేరాను. ఆదోనిలో ఓ హాల్లో మాకు వీఆర్ శిక్షణ ఇచ్చారు. హెడ్‌సెట్ కళ్లకు తగిలించగానే హాలు మాయమై, పొగ కమ్మిన ఇరుకు సొరంగం కనిపించింది. లోపల చిక్కుకున్న ఇద్దరిని ఐదు నిమిషాల్లో బయటికి తేవాలి.

దారికి అడ్డంగా ఒక మనిషి పడి ఉన్నాడు. ప్రాణం లేదని తెర మీద కనిపించింది. అతణ్ణి దాటి ముందుకు పోయాను గానీ మనసొప్పలేదు. పడుకున్న మనిషిని దాటితే మళ్లీ వెనక్కి దాటాలని మా అవ్వ నేర్పింది. వెనక్కి తిరిగి, కాలెత్తి దాటాను. అంతలో ఐదు నిమిషాలూ అయిపోయి తెరంతా ఎర్రబడింది.

హెడ్‌సెట్ తీస్తే, ఉత్త నేల మీద కాలెత్తిన నన్ను చూసి జట్టంతా నవ్వుతోంది. శిక్షణ ఇచ్చే కోసిగి ఊరి అన్న మాత్రం నవ్వలేదు. సంగతి విని, "సచ్చినోనికి మర్యాద సేసి, బతికుండే ఇద్దర్ని సంపినావు కదప్పా" అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. "ఇంగోసారి పెట్టన్నా" అన్నాను.

ఈసారి పడి ఉన్న మనిషితో "మళ్లా వస్తానప్పా" అని చెప్పి దాటాను. ఇద్దరినీ బయటికి తెచ్చాను. "అయిపాయ, తీసెయ్" అన్నాడు అన్న. "ఆగన్నా, వానికి మాటిచ్చినాను" అంటూ మళ్లీ సొరంగంలోకి నడిచాను.

ఇంట్లో ఇప్పటికీ ఎవరినీ దాటను. గనిలో మాత్రం దాటుతాను, తిరిగి వస్తానని చెప్పి.