హంగరీలో ఒక్క ఏడాది

విదేశంలో మేముండే బ్లాక్‌టౌన్‌లో కిరాణా కొట్టు నడిపే కర్నూలు అంకుల్ ఏ కబురు మొదలుపెట్టినా ముందు చూపుడువేలు పైకెత్తేవారు. “నేను హంగరీలో ఉన్న ఒక్క ఏడాదిలో...” అనేవారు. పెళ్ళయిన కొత్తలో, మందుల తయారీ నేర్చుకోవడానికి ఒక్కరే వెళ్ళారట.

అప్పట్లో నా ఉద్యోగం వైటూకే. రెండువేల సంవత్సరం వచ్చేలోగా కంప్యూటర్లలో తేదీలు సరిచేయాలి. అందుకేనేమో అంకుల్ లెక్క నాకు ఎంతకీ కుదిరేది కాదు. ఆ ఒక్క ఏడాదిలోనే డాన్యూబ్ నది రెండు చలికాలాలు గడ్డకట్టింది. ద్రాక్షకోత పండగ మూడుసార్లు వచ్చింది. ఫుట్‌బాల్ మ్యాచ్ కోసం ఊరంతా రేడియోలకు అతుక్కుపోయింది. మొదటిసారి ఒపెరాకి వెళ్ళి భాష రాక నిద్రపోయిన మనిషి, చివరిసారి ప్రతి మాటా అర్థమై ఏడ్చారు.

ఇంట్లో కాగితం మీద రాసి చూసుకున్నా తేలలేదు. ఒక శనివారం కందిపప్పు కొంటూ అడిగేశాను.

“అంకుల్, ఇవన్నీ ఒక్క ఇయర్‌లోనేనా? డేట్స్ మ్యాచ్ కావట్లేదు.”

ఆయన ముఖం తిప్పుకున్నారు. వేలు మాత్రం దించలేదు. “ఒక్క ఏడాదే,” అని, ఎవరూ అడగని బియ్యం బస్తా కోసం లోపలికి వెళ్ళిపోయారు.

ఏం తప్పు మాట్లాడానో తెలియక ఆంటీ వంక చూశాను. ఆమె పప్పు తూస్తూ చెప్పింది. ఆ గొంతులో ఉన్నది కోపమో మురిపెమో ఇప్పటికీ తేల్చుకోలేను.

“మూడేండ్లు నాయనా. పొయ్యేటప్పుడు ఒక్క ఏడాదిలో వస్తానని నాకు మాటిచ్చినారు. ఇంకా ఆ మాట మీదే ఉన్నారు.”